ఆరని చేతితొడుగులు

మంచు తోసే బండి వెనకాలే కారు నడుపుకుంటూ డిటెక్టివ్ హెల్మి రౌతియో, ఆమె సహాయకుడు గోర్డన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చెక్క ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. లోపల అడుగు పెట్టారో లేదో, థండర్ బే రోడ్డు మూసేశారని రేడియో చెప్పింది. ఇక రేపటిదాకా ఆ ఇంట్లోంచి ఎవరూ కదలడానికి లేదు, దొంగతో సహా.

"తొందరగా తేల్చండి మేడమ్," అంది ఆయిలా కోస్కి. బొమ్మల సినిమాలు తీసే చిన్న స్టూడియో ఆమెది. "ఆరు గంటలకల్లా పంపకపోతే మా సినిమాని పోటీలోంచి తీసేస్తారు. అదున్న డిస్కేమో పన్నెండుకీ మూడుకీ మధ్య మాయమైంది. తీసింది నోరీనే. గదిలో పెట్టి గడియ వేశాను."

నోరీన్ ఫిడ్లర్‌కి పాతికేళ్ళుంటాయి. డిస్కు భద్రంగా ఉంచే బాధ్యత ఆమెది. గడియ తీసేసరికి జ్వరంతో కళ్ళు ఎర్రబడి మంచం మీద ముడుచుకుని ఉంది.

"నడవా అలమరలో పెట్టి పడుకున్నానండీ. పోయిన వారం ఉద్యోగం మానేస్తానన్నానని ఇప్పుడు దానికీ దీనికీ ముడిపెడుతున్నారు. మా ఊళ్ళో ఉన్నవే మూడు స్టూడియోలు. దొంగన్న పేరొస్తే ఇంకెవరైనా గుమ్మం ఎక్కనిస్తారా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదని గోర్డన్ ఒట్టేసి చెప్పగలడు. కానీ హెల్మి ఒట్లు నమ్మదు.

మిగిలినవాళ్ళు ఇద్దరే. సౌండ్ పనులు చూసే ఎమీల్ బుషార్ ఆ మూడు గంటలూ ఆయిలాతో కలిసి వంటింట్లో బఠాణీ సూప్ కాస్తూ కూర్చున్నాడు. ఒకరికొకరు సాక్షి. బొమ్మలకు కదలికలిచ్చే వేడ్ స్టిన్సన్ ఒక్కడే పైన అటక గదిలో ఉన్నాడు. ఆ గదికి పెరట్లోకి, ఆవిరిస్నానాల గది వైపు దిగే మెట్లు కూడా ఉన్నాయి.

అటక గదిలో బల్ల మీద చెప్పుల పెట్టంత నల్ల డబ్బా ఉంది. అందులోనే బొమ్మల్ని వేగంగా గీసే గ్రాఫిక్స్ కార్డు. వీళ్ళవన్నీ పల్చటి లాప్‌టాప్‌లు, బరువైన పని మోయలేవు. అందుకని వంతులవారీగా ఆ డబ్బాకి కేబుల్ తగిలించుకుని పని చేసుకుంటారు. పక్కనే గుమ్మంలోంచి కూడా కనిపించేటంత పెద్ద తెర. గోడకి సినిమా చివర పడే పేర్ల జాబితా అంటించి ఉంది.

"పన్నెండు నుంచి మూడుదాకా కుర్చీలోంచి లేస్తే ఒట్టు," అన్నాడు వేడ్. "ట్రైలర్ చేస్తున్నా. కార్డు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోలేదు."

"మూడు తర్వాత?"

"ఏముంది, ఆయిలా అందరినీ కిందికి పిలిచి కూర్చోబెట్టింది. అప్పట్నుంచీ కార్డు ఖాళీగానే ఉంది."

హెల్మి కళ్ళు చికిలించి జాబితా చదువుతూ, "సినిమాలో తోడేలు బొమ్మ ఎవరు చేశారు?" అంది.

"నేనే. మూడేళ్ళు," అని వేడ్ తల తిప్పుకున్నాడు.

"గోర్డన్, కారులో నా కళ్ళజోడుంది, తెచ్చిపెట్టు బాబూ."

గోర్డన్ డబ్బా మీదున్న ఉన్ని చేతితొడుగులు తీసి వేసుకున్నాడు. వేసుకున్నంత వేగంగా విదిలించి పారేశాడు. "ఛీ! పిండితే చెంబుడు నీళ్ళొస్తాయి!"

"అవి నావే," అన్నాడు మెట్ల మీద నిలబడ్డ ఎమీల్. "పన్నెండింటికి వాకిట్లో మంచు ఎత్తొచ్చి పెట్టా. మేమంతా దాని మీదే ఆరేసుకుంటాం. అరగంటలో అప్పడాల్లా అవుతాయి."

హెల్మి ఆ తొడుగుల్ని చేత్తో నొక్కి చూసింది. కళ్ళజోడు సంగతి మర్చిపోయి, "పెరట్లో ఆవిరిస్నానాల గది ఉందిగా, అది వెతుకు," అంది. వెళ్ళిన పావుగంటలో గోర్డన్ బల్ల కింద దొరికిన డిస్కుతో తిరిగొచ్చాడు.

నోరీన్‌తో సహా అందరూ అటక గదిలో చేరారు. అయిదూ పది.

"వేడ్, నువ్విక్కడ లేవు," అంది హెల్మి. "కార్డు మూడు గంటలు పనిచేసుంటే ఆ డబ్బా పొయ్యిలా కాలేది. తొడుగులు ఎందుకు ఆరలేదు? డబ్బాకి లాప్‌టాప్ తగిలించి లేదు గనక. నీ లాప్‌టాప్ నీతోనే ఆవిరిగదికి వెళ్ళింది."

"నేనెందుకు దొంగిలిస్తానండీ?"

"దొంగిలించాలనుకోలేదు. మూడేళ్ళు తోడేలు చేసినవాడి పేరు ఈ జాబితాలో అడుగున, కృతజ్ఞతల్లో ఉంది. తోడేలు బొమ్మ ఆయిలా పేరు మీద ఉంది. నీ పేరు ఎక్కించి డిస్కు మళ్ళీ అలమరలో పెట్టేద్దామనుకున్నావు. ఇక్కడ చేస్తే ఎవరైనా పైకొచ్చి ఆ పెద్ద తెర చూస్తారని భయం. ఏడాదిగా కార్డుకి అలవాటుపడ్డావు. అది లేకపోతే నీ లాప్‌టాప్ ఎంత కుంటుతుందో మర్చిపోయావు. అంతేనా?"

వేడ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "పేరు మారిస్తే సినిమా మళ్ళీ తయారుచెయ్యాలి, కార్డుంటే ఇరవై నిమిషాల పనండీ. మూడు గంటలైనా సగం కాలేదు. అక్కడ కరెంటు లేదు, బ్యాటరీ చచ్చింది. డిస్కు అక్కడే పెట్టి ఇంట్లోకొచ్చేసరికి నోరీన్ని గదిలో పెట్టి గడియేశారు. అప్పుడు నోరు పెగల్లేదు."

"నోరు పెగలక నన్ను బలిచ్చావన్నమాట," అంది నోరీన్.

అయిదూ ఇరవై. ఆయిలా డిస్కు నోరీన్ చేతికిచ్చింది. "తప్పయిపోయింది అమ్మాయ్. అసలు సినిమా చెడలేదు. త్వరగా పంపెయ్యి, ఆ పని తెలిసింది నీకొక్కదానికే."

నోరీన్ తన లాప్‌టాప్ డబ్బాకి తగిలించింది. పెద్ద తెర మీద సినిమా తెరుచుకుంది. ఆమె తిన్నగా చివరి పేర్ల దగ్గరికి వెళ్ళి, తోడేలు బొమ్మ ఎదురుగా ఉన్న పేరు కొట్టేసి వేడ్ స్టిన్సన్ అని రాసింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అంది ఆయిలా.

"నా మీద దొంగతనం వేశావు, అతని పని నీ పేరు మీద వేసుకున్నావు. ఒకటి హెల్మి గారు దిద్దారు, రెండోది నేను దిద్దుతున్నాను. వద్దంటే లేచిపోతా, నువ్వే పంపుకో."

ఆయిలా గడియారం చూసింది, హెల్మి వైపు చూసింది. ఆ ఇంట్లో నోరీన్ తప్ప తనని గట్టెక్కించేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"కానివ్వు," అంది చివరికి.

డబ్బాలో ఫ్యాను గిర్రుమంది. వేడ్ తెర మీద తన పేరు చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నోరీన్ అతనివైపు తిరగలేదు. ఆరుకి నాలుగు నిమిషాలుండగా సినిమా వెళ్ళింది.

"రోడ్డు తెరవగానే నేను వెళ్ళిపోతాను," అంది నోరీన్ ఆయిలాతో. "అడిగిన చోటల్లా చూపించడానికి నేను దొంగని కానని కాగితం రాసివ్వు. ఇప్పుడే, వీళ్ళందరి ముందూ."

ఆయిలా కలం కోసం వెతుక్కుంది. గోర్డన్ తన జేబులోది తీసిచ్చాడు.