క్రాష్ అయినన్నాళ్లు

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో ఒక పెద్దాయన ఏప్రన్ కట్టుకుని కొత్తిమీర కట్టలు సర్దుతున్నాడు. అద్వైత్ బుట్ట పట్టుకుని ఆయన పక్కన ఆగాడు.

"గోంగూర ఫ్రెష్‌దేనా?"

"టెక్సాస్ నుంచి రావాలి. ట్రక్కు లేటు."

కోడ్ సరిపోయింది. ఏప్రన్‌లో ఉన్నది అచ్యుతరావు. ఒకప్పుడు రాడార్ సైంటిస్టు, ఇప్పుడు ఫెడరల్ కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో డెట్రాయిట్ సెక్షన్ చీఫ్.

"నార్త్‌లేన్ మోటార్స్," అన్నాడు కట్టల మీద నీళ్లు చల్లుతూ. "ఆర్మీకి డ్రైవర్ లేని ట్రక్కులు తయారు చేస్తోంది. వాటి మాస్టర్ కీ దొరికితే ఏ ట్రక్కునైనా ఎక్కడో కూర్చుని నడపొచ్చు. ఒక ఫారిన్ రింగ్ దాన్ని కొనబోతోంది. అమ్మే మనిషి కంపెనీ లోపలే ఉంది, లేదా ఉన్నాడు."

"మనకి లోపల ఎవరు?"

"ప్రమోద. ప్రోడక్ట్ డైరెక్టర్. తనంతట తానే వచ్చి ఈ విషయం చెప్పింది. నువ్వు టెస్ట్ ఇంజినీర్ రాజ్‌వి. ఈ వాచ్ పెట్టుకో. దగ్గర్లో దొంగ సిగ్నల్ ఉంటే వైబ్రేట్ అవుతుంది. పక్క బటన్ రెండుసార్లు నొక్కితే బిల్డింగ్ తలుపులన్నీ లాక్ అవుతాయి. డ్యూటీలో తీయకు."

అద్వైత్ మిషిగన్‌లోనే పుట్టి పెరిగాడు. సర్వీసులో చేరాక ఒక్క కేసు కూడా పోగొట్టుకోలేదు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే గుర్తుండేది.

నార్త్‌లేన్ ల్యాబ్‌లో అతనికి కొత్త డెస్క్‌టాప్ అమర్చిపెట్టింది సిస్టమ్స్ మేనేజర్ జయంతి. యాభై దాటిన మనిషి, మాట సూటి.

"ఇది టెస్ట్ సర్వర్‌కి కనెక్ట్ అయి ఉంటుంది రాజ్. సెట్టింగ్స్ ఏవీ మార్చకు. ఏం కావాలన్నా నన్ను పిలువు."

ఆమె అటు వెళ్లగానే అతను మార్చాడు. మెమరీని మామూలు కంటే వేగంగా పరిగెత్తించే సెట్టింగ్ అది. కాలేజీ రోజుల నుంచీ ఏ కంప్యూటర్ చేతికొచ్చినా అతను చేసే మొదటి పని అదే. ఆన్ చేశాడు, రీస్టార్ట్ చేశాడు, మర్చిపోయాడు. టైపింగ్‌కి అడ్డొస్తోందని వాచ్ తీసి డ్రాయర్‌లో పడేశాడు.

మధ్యాహ్నం ప్రమోద వచ్చింది. మెరూన్ రంగు లాంగ్ కోటు, తేలికైన సెంటు. ఆమె నడిచివస్తుంటే ల్యాబ్‌లో సగం మంది తలలెత్తారు.

"పొద్దుటి వీడియో మీటింగ్ గుడ్ రాజ్. కానీ ఆ కెమెరాలో నీ మొహం బూడిద పూసినట్టు కనబడుతున్నది. ఇది పెట్టుకో." ఒక చిన్న వెబ్‌క్యామ్ టేబుల్ మీద పెట్టి నవ్వింది.

మర్నాడు పొద్దున్న డెస్క్‌టాప్ క్రాష్ అయింది. నీలం స్క్రీన్ వచ్చి, దానంతటదే రీస్టార్ట్ అయింది. మధ్యాహ్నం మళ్లీ అయింది. ఆ వారమంతా రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు. జయంతి ఓపిగ్గా వచ్చి చూసేది. కేబుల్స్ మార్చింది. కరెంటు తేడా అనుకుని బ్యాటరీ బ్యాకప్ తెచ్చి టేబుల్ కింద పెట్టింది.

"సెట్టింగ్స్ ఏమీ ముట్టుకోలేదు కదా?" అని అడిగింది ఒకరోజు.

"లేదండీ," అన్నాడు అద్వైత్. ఆ క్షణంలో అది అబద్ధమని కూడా అతనికి తోచలేదు.

"కొత్త మెషీన్ ఇన్నిసార్లు క్రాష్ అయితదా?" అంది ప్రమోద, కాఫీ తాగుతూ. గొంతు తగ్గించింది. "సెటప్ చేసింది ఎవరు? రోజూ రిపేర్ అని వచ్చి ముట్టుకునేది ఎవరు? నేను పేరు చెప్పను. ఆలోచించుకో."

అద్వైత్ ఆలోచించాడు. చక్కగా, తడుముకోకుండా రిపోర్ట్ రాశాడు. సాబొటాజ్. సస్పెక్ట్: జయంతి.

సోమవారం లంచ్ టైమ్‌లో, కెఫెటీరియాలో అందరి ముందూ ఇద్దరు ఏజెంట్లు ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె చేతిలో స్పూన్ ఇంకా పెరుగన్నంలోనే ఉంది. లేచి, చుట్టూ చూసి, దగ్గర్లో ఉన్న అద్వైత్‌ని పిలిచింది.

"ఏదో పొరపాటు పడ్డట్టున్నారు. నా బాక్స్ మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు రాజ్. సాయంత్రానికి వచ్చేస్తాను."

అతను మూత పెట్టాడు.

అతను సీటుకి తిరిగొచ్చేసరికి డెస్క్‌టాప్ మళ్లీ క్రాష్ అయింది. నీలం స్క్రీన్ వైపు చూస్తూ అద్వైత్ కదలకుండా కూర్చున్నాడు. ఆమె లేదు. మరి ఇదేమిటి? మెమరీ టెస్ట్ రన్ చేశాడు. వరసగా ఎర్ర లైన్లు. అప్పుడు గుర్తొచ్చింది, తన చేత్తో తాను ఆన్ చేసిన సెట్టింగ్. ఆఫ్ చేసి టెస్ట్ మళ్లీ పెట్టాడు. ఒక్క ఎర్రర్ కూడా లేదు.

ఫోన్ తీశాడు. చీఫ్ నంబర్ కనిపిస్తోంది. ఏమని చెప్పాలి? మెషీన్‌ని పాడుచేసింది నేనే సార్, ఆవిణ్ణి పట్టించిందీ నేనే, అనా? ఫోన్ జేబులో పెట్టేశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడు కూడా అదే అనుకున్నాడు. ప్రమోద అడిగితే, "అప్‌డేట్ వేశాను, సెట్ అయింది," అన్నాడు.

"గుడ్," అంది ఆమె. అంత సంతోషం ఎందుకో అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలోనూ లేడు. రాత్రిళ్లు నిద్ర లేదు. పగలు ఫ్రిజ్ వైపు వెళ్లడం మానేశాడు.

శుక్రవారం ల్యాబ్ ఖాళీ. అందరూ హైవే మీద ట్రయల్ రన్ చూడ్డానికి వెళ్లారు. ఆర్మీ ట్రక్కులు డ్రైవర్లు లేకుండా మామూలు ట్రాఫిక్‌లో నడిచే మొదటి రోజు. అద్వైత్ ఒక్కడే మిగిలాడు. ఏ పనీ పెట్టకుండానే డెస్క్‌టాప్ ఫ్యాన్ హోరుమంటోంది. పాత క్రాష్ రికార్డులు ఓపెన్ చేశాడు, కనీసం జయంతికి పనికొచ్చేది ఏదైనా దొరుకుతుందేమోనని.

ప్రతి క్రాష్ సమయంలోనూ ఒకే ప్రోగ్రామ్ నడుస్తోంది. ప్రింటర్ హెల్పర్. ఆ ల్యాబ్‌లో ప్రింటర్ లేదు.

ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయిన తేదీ చూశాడు. వెబ్‌క్యామ్ పెట్టిన రోజు. డ్రాయర్‌లోంచి వాచ్ తీసి కెమెరా దగ్గర పెట్టాడు. చేతిలో వైబ్రేట్ అయింది.

అప్పుడు మొత్తం తెలిసింది. ఆ ప్రోగ్రామ్ సర్వర్ నుంచి మాస్టర్ కీ కాపీ చేస్తోంది. మెమరీ మీద భారం పడగానే మెషీన్ క్రాష్ అయ్యేది, కాపీ మళ్లీ మొదటికొచ్చేది. సోమవారం అతను రిపేర్ చేశాడు. సోమవారం నుంచి దానికి అడ్డు లేదు. కాపీ పూర్తయి, కెమెరాలోంచి బయటికి వెళ్తోంది. తొంభై ఒకటి శాతం.

"కాఫీకి వస్తావా రాజ్?"

తలుపు దగ్గర ప్రమోద. స్క్రీన్ చూసింది. నవ్వు మాత్రం చెరగలేదు.

"రెండు వైపులా పని చేస్తున్నావన్నమాట," అన్నాడు.

"రెండు వైపులా జీతం వస్తది. ముందే వచ్చి మీకు చెప్తే నన్నెవరు అనుమానిస్తరు? కూర్చో అద్వైత్. అసలు పేరు నాకు తెలుసు. నీ స్క్రీన్ నాకు రోజూ కనబడతది. మెమరీ టెస్ట్ చూశాను. సోమవారం నుంచి నువ్వు నోరు మూసుకున్నదీ చూశాను."

అతను స్క్రీన్ వైపు చూశాడు. తొంభై నాలుగు.

"నన్ను పట్టిస్తే అది కూడా బయటికొస్తది. ఒక అమాయకురాలిని లోపల పెట్టించి, తెలిసీ ఊరుకున్న ఏజెంట్. నువ్వు కాఫీకి రా, చాలు. మనిద్దరి సంగతీ ఎవరికీ తెల్వదు."

తొంభై ఆరు. అద్వైత్ వెంటనే కదిలి ఉంటే బావుండేది. కదల్లేదు. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆమె మాట అతనికి నచ్చింది. తర్వాత ఎన్నాళ్లయినా అతన్ని ఎక్కువగా కాల్చింది ఆ ఒక్క ఊపిరే.

వాచ్ బటన్ రెండుసార్లు నొక్కాడు. తలుపులు ఠక్కున పడ్డాయి. వంగి గోడలోంచి ప్లగ్ పీకాడు. స్క్రీన్ ఆరలేదు. జయంతి పెట్టిన బ్యాటరీ బ్యాకప్ నమ్మకంగా బీప్ కొడుతోంది. తొంభై ఎనిమిది. ప్రమోద అతని కాలర్ పట్టుకుని వెనక్కి గుంజింది. అద్వైత్ టేబుల్ కిందికి దూరి, మెషీన్ వెనక తడిమి, దొరికిన ప్రతి వైరూ పీకాడు.

తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ నల్లబడింది. సగం కీ ఎవరికీ పనికిరాదు. ఒక్క శాతం తగ్గినా అంతే.

హైవే మీద ట్రక్కులు వరస తప్పకుండా సాగిపోయాయి. సెక్యూరిటీ వచ్చి తలుపు తెరిచేవరకు ప్రమోద కోటు దులుపుకుంటూ కుర్చీలో కూర్చుంది. అద్వైత్ చీఫ్‌కి ఫోన్ చేసి, ఈసారి ఏదీ మిగల్చకుండా చెప్పాడు.

చీఫ్ ఒక్కటే అడిగాడు.

"సోమవారమే తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"ఆవిడ నాలుగు రోజులుగా కిటికీ లేని గదిలో ఉంది. ప్రతిరోజూ ఒకటే మాట. ఆ కుర్రాడి కంప్యూటర్ బాగుచేశారా అని." ఆయన గొంతు పెరగలేదు. పెరిగితే బావుండుననిపించింది అద్వైత్‌కి.

ఆ సాయంత్రమే జయంతిని వదిలేశారు. అద్వైత్ ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు.

"ఆంటీ, ఐయామ్ సో సారీ. అది నా మిస్టేక్. తెలిసి కూడా నేను చెప్పలేదు. భయం... కాదు, షేమ్."

"నన్ను ఎక్కడి నుంచి తీసుకెళ్లారు?"

"కెఫెటీరియా నుంచి."

"అయితే ఇక్కడెందుకు చెప్తున్నావ్?" అని తలుపు వేసుకుంది.

సోమవారం లంచ్ టైమ్‌లో అద్వైత్ కెఫెటీరియా మధ్యలో నిలబడ్డాడు. తానెవరో, ఏం చేశాడో, ఏం దాచాడో అందరికీ ఇంగ్లీషులో చెప్పాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడితో అతని అండర్‌కవర్ ఉద్యోగం అయిపోయింది. చీఫ్ ముందే చెప్పాడు, అలా చేస్తే అంతేనని.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జయంతి తన టేబుల్ దగ్గర తినడం పూర్తి చేసి, చేయి కడుక్కుని వచ్చింది.

"అయితే నీ పేరు రాజ్ కాదా?"

"కాదండీ. అద్వైత్."

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మూడు రోజులుగా రాజ్‌ని తిట్టుకుంటున్నాను. అదంతా దండగేనన్నమాట. మళ్లీ మొదటినుంచి తిట్టుకోవాలి."