నీడల సంతలో బోణీ

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఒక కొత్త వస్తువు పుట్టాలంటే ముందు అది నీడలకి నచ్చాలి. మనుషుల సంగతి ఆ తర్వాతే. ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చేసింది. గోడలు వాటంతట అవే సున్నం వేసుకుంటున్నాయి, బస్సులు సముద్రం మీద తేలుతూ భీమిలి పోతున్నాయి. అయినా సొంత బుర్రతో, సొంత చేతులతో ఒక సామాను తయారుచేసుకున్నవాళ్ల గతి మాత్రం మారలేదు. నమూనా చంకన పెట్టుకుని గుమ్మం గుమ్మం తిరగడమే.

అలాంటివాళ్లకి చెయ్యూతనిస్తామని పెద్దమనుషులు ఒక అద్దాల మేడ కట్టారు. అందులో ఉండేదే నీడల సంత. ఇంజనీర్లు దాన్ని మార్కెట్ సిమ్యులేటర్ అనేవారు, అలా అంటే గౌరవం కాబోలు. ఊళ్లో ఎవరు ఏం కొన్నారు, ఏం తిప్పి పంపారు, ఏ వస్తువు ముందు నిలబడి ఎంతసేపు గొణిగారు, ఇదంతా పోగుచేసి మనిషికొక నీడమనిషిని యంత్రంలో తయారుచేశారు. మీ నమూనా లోపల పెడితే ఆ నీడలన్నీ వచ్చి చూస్తాయి. అవి కొంటే ఫ్యాక్టరీవాళ్లు అచ్చు పోసి వేలకి వేలు చేసి దుకాణాలకి పంపుతారు. రెండుసార్లు కొనకపోతే ఆ వస్తువు ఇక పుట్టదు. అంతే.

వరహాలమ్మ తన పీటని రెండోసారి తెచ్చింది.

మంచి పీట అది. లోపల వెదురు బద్దల స్ప్రింగు. కూర్చుంటే నేలకి దిగుతుంది, అంచు నొక్కితే మనిషిని మెల్లగా పైకి లేపుతుంది. ఒక పెళ్లి బంతిలో వాళ్ల అక్క పైడమ్మని నలుగురు పట్టుకుని లేపాల్సొచ్చింది. మోకాళ్లు పట్టేసిన ఆ మనిషి సిగ్గుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆ మర్నాడే వరహాలమ్మ వెదురు కోయడం మొదలుపెట్టింది. ఇవాళ నీడలు కాదంటే ఆ కష్టమంతా అటకెక్కినట్టే.

వరండాలో సన్యాసిరావు కూర్చుని ఉన్నాడు. కలిపినప్పుడల్లా ఈల వేసే గరిటె కనిపెట్టిన ఘనుడు. అప్పుడే నీడలు వాణ్ని తిప్పి పంపాయి.

"ఏటత్తా, మళ్లీ పీటేనా?"

"నీ గరిటెకి ఈల నేర్పావు గాని, కూర మాడిపోతే ఏడవడం కూడా నేర్పకపోయావేట్రా?" అంటూ లోపలికి పోయింది.

సంతని నడిపే శాస్త్రవేత్త కౌండిన్య పీటని యంత్రం పెట్టెలో పెట్టాడు. తెర మీద నీడలు పిలవని పేరంటానికి వచ్చినట్టు బిలబిలా వచ్చాయి. పీటని బోర్లించాయి, వేలితో కొట్టి చూశాయి, మూతి విరిచాయి. ప్రతి నీడా పక్క నీడని ఒకే ముక్క అడిగింది: "ఎవరైనా తీసుకున్నారా?" ఎవరూ తీసుకోలేదు. అన్నీ వెనక్కి జరిగి నిలబడ్డాయి.

"పీటలో లోపం లేదండీ," అన్నాడు కౌండిన్య. "ఇనీషియల్ అడాప్షన్ రావడం లేదు. అంటే మొదటి కొనుగోలు..."

"బోణీ అను బాబూ. దానికంత పేరెందుకు? మరి మిగతా సామాన్లు ఎలాగ అమ్ముడైనాయి?"

"అవి పాతవాటికి రంగు మార్చినవండి. కొత్తదైతే నీడలు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి."

గొర్రెల మందకి చీరలు, పంచెలు కట్టి నిలబెట్టారన్నమాట, అనుకుంది వరహాలమ్మ.

"ఒక్కసారి ఆటితో నన్ను మాటాడనీ."

కౌండిన్య నవ్వాడు. అవి ఉత్త లెక్కలు, మాటలకి కరుగుతాయా అని. కానీ ఈవిడ కదిలేలా లేదని మైకు ఇచ్చాడు. చేతిసంచీ పట్టుకుని వెళ్లిపోబోతున్న ఒక నీడని చూసి వరహాలమ్మ గొంతు తగ్గించింది.

"అమ్మా, నువ్వే. అలాగెలిపోకు. పొద్దున్నించి ఖాళీగా కూకున్నాను. నీ సెయ్యి మంచిదని ఊరంతా సెప్పుకుంటారు. నీ సేత్తో బోణీ సెయ్యి, సాలు."

ఆ నీడ ఆగింది. జుట్టు సవరించుకుంది. వచ్చి పీట కొంది.

ఇక చూడండి! ఆవిడ కొన్నదట, నాకేం తక్కువని నీడలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ మీద పడ్డాయి. తెరంతా పచ్చగా వెలిగింది.

"ఆవిడ చెయ్యి మంచిదని మీకెలా తెలుసు?" అన్నాడు కౌండిన్య నోరు తెరిచి.

"నీడకి సెయ్యుంటాదేటి బాబూ?"

ఇంటికొచ్చి ఆ రాత్రి అక్కకి చెప్పి కడుపుబ్బ నవ్వింది. "ఒక్క పొగడ్తకి పడిపోయారప్పా ఎదవ జనం! ఇలాటోళ్లకి నా పీటెందుకు?"

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. ఆ యంత్రం విన్నదల్లా నేర్చుకునే రకం. ఏడాది తిరక్కుండా కౌండిన్య దాని గొంతుని ప్రతి దుకాణంలో పెట్టించాడు. అప్పట్నించి నీడలు కాదన్న వస్తువు లేదు, మనుషులు వద్దన్న వస్తువూ లేదు. మాట్లాడే చెప్పుల స్టాండు, తుమ్మితే వెలిగే దీపం, ఎవడికీ అక్కర్లేని చెత్తంతా పుట్టుకొచ్చింది. వరహాలమ్మ పీటలూ అమ్ముడయ్యాయి. కాకపోతే వాటి మీద కూర్చునేవాళ్లకన్నా ఆ చెత్తని పేర్చుకునేవాళ్లే ఎక్కువ.

ఒకరోజు ఆ వేడుక చూసి వెక్కిరిద్దామని అక్కని తీసుకుని దుకాణానికి వెళ్లింది. గరిటెల దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. "బాబూ, నువ్వే. అలాగెలిపోకు," అంది యంత్రం, అచ్చం వరహాలమ్మ యాసలో. "నీ సెయ్యి మంచిదని ఊరంతా సెప్పుకుంటారు." ఆయన అరచెయ్యి చూసుకుని ఈల గరిటె కొనుక్కుపోయాడు.

"ఒసే వరాలూ, నీ మాటలే కదే!" అంది పైడమ్మ.

"నావే. ఆ మొహం సూశావా అప్పా, ఎలాగ ఎలిగిపోతందో! సిగ్గులేని జనం."

ఇద్దరూ నవ్వుకుంటూ ముందుకి నడిచారు.

"అమ్మా, నువ్వే. అలాగెలిపోకు. పొద్దున్నించి ఖాళీగా కూకున్నాను."

వరహాలమ్మ కాళ్లు ఆగాయి.

"నీ సెయ్యి మంచిదని ఊరంతా సెప్పుకుంటారు."

బయటికొచ్చాక ఆవిడ చేతిలో ఈల గరిటె ఉంది. పైడమ్మ దానికేసి ఒకసారి, చెల్లెలికేసి ఒకసారి చూసింది.

"ముందాయనకీ అదే సెప్పింది కదే."

"ఆయనకి మాటవరసకి సెప్పిందప్పా," అంది వరహాలమ్మ గరిటెని కొంగుతో తుడుస్తూ. "నాకు మనసులోంచి సెప్పింది."