ఒడిలో గులకరాళ్లు

“గంప ఎత్తవేటి?” అన్నాడు సింహాచలం.

“ఎత్తను,” అంది తవిటమ్మ.

“కొత్త మేస్త్రీనని అలుసా?”

“పాత మేస్త్రీవైనా ఎత్తను. ఆ బండ కాడికి రమ్మంటే బేగి వచ్చీడానికి అక్కడేటి, పెళ్లి సూపులా?”

వెనకున్న పడుచు గుంటలు కిసుక్కున నవ్వారు. అంతలోనే బండవైపు చూసి నోళ్లు మూసుకున్నారు.

అది పంతొమ్మిది వందల ఇరవయ్యారో సంవత్సరం వానాకాలం. సాలూరు దాటి కొండెక్కే ఘాటీ రోడ్డు పని. మగవాళ్లు బండకు రంధ్రాలు తొలిచి పేలుడుమందు కూరితే, సింహాచలం వత్తులు అంటించి పరిగెత్తేవాడు. ఆడవాళ్లు మలుపు వెనక కూర్చుని, పేలుడు వినపడినప్పుడల్లా ఒక గులకరాయి ఒడిలో వేసుకునేవారు. నిన్న సాయంత్రం సింహాచలం ఐదు వత్తులు అంటించాడు. తవిటమ్మ ఒడిలో నాలుగు రాళ్లే పడ్డాయి.

పేలని మందు ఇంకా బండలోనే ఉంది. గునపం తగిలితే చాలు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఓవర్సీరు తాతారావు దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. పేలలేదని చెప్పినవాడే వెళ్లి దాన్ని తవ్వి తీయాలి. తవిటమ్మ తండ్రి అప్పలస్వామి ఒకసారి చెప్పాడు. అతని కుడిచేతికి ఇప్పుడు రెండే వేళ్లు.

“నువ్వూ లెక్కెట్టినావు కదా?” గొంతు తగ్గించి అడిగింది తవిటమ్మ.

సింహాచలం తలాడించాడు. పనిలో చేరిన నాటి నుంచి ఆమె గంపలో చిన్నరాళ్లే వేయిస్తున్నాడు. ఆమెకది తెలుసు. “మేస్త్రీ బాబుకి కళ్లానవు, పెద్దరాయి కనపడదు” అని గుంటల్ని నవ్వించేది కూడా.

“సిన్నరాళ్లేయిత్తే సాలదు మేస్త్రీ,” అంది ఇప్పుడు. “ఆ బండ కింద నిలబడీది నానే.”

అతను బండవైపు చూశాడు. చెప్తే తన వేళ్లు పోతాయి. చెప్పకపోతే తవిటమ్మ పోతుంది.

గొడుగు వేసుకుని తాతారావు వచ్చాడు. “ఏమయ్యా, కబుర్లా? మధ్యాహ్నం ఇంజనీరు దొర వస్తున్నారు. అప్పటికి ఇక్కడ రాయి ఉండకూడదు. ఉంటే నా ఉద్యోగం ఉండదు. మీరూ ఉండరు.”

ఆయన ఎప్పుడూ కేక వేసి ఎరగడు. మెల్లగా అంటాడు, అందుకే మరీ భయం. కానీ దొర వచ్చే దారివైపు ఆయన మాటిమాటికీ చూడడం సింహాచలం గమనించాడు. దొరకు ఈయన జడుస్తాడు, ఈయనకు తాము జడుస్తారు. పైకొమ్మ ఊగితే కిందికొమ్మ పిట్టలన్నీ లేచినట్టు.

“నిన్న ఒకటి పేలనేదండి,” అన్నాడు సింహాచలం.

తాతారావు అందరివైపూ ఒకసారి చూశాడు.

“ఎవరన్నారు?”

“నానేనండి.”

“అయితే గునపం అందుకో.”

“తవ్వనండి. ఎడంగా ఇంకో రంధ్రం తొలిచి మందెడితే, దాంతోపాటు ఇదీ పేలతాది. పూట పోతాది. మనిషి పోడు.”

“ఆ పూట నాకెవరిస్తారు? గునపం అందుకోమన్నాను.”

సింహాచలం గునపం ముట్టలేదు. అప్పుడు తవిటమ్మ ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి నిన్నటి నాలుగు గులకరాళ్లు ఓవర్సీరు కాళ్లముందు పోసింది.

“నానూ సెప్తన్నాను బాబూ. ఐదోది పేలనేదు. నాకూ ఓ గునపమియ్యండి.”

వెనక యర్రమ్మ ముడి విప్పింది. ఆ వెనక రత్నాలు. కొండ ఊరి నుంచి పనికొచ్చే సోంబరు అనే కూలీ, ఏనాడూ నోరు విప్పనివాడు, “నానూ యిన్నాను” అన్నాడు. చేతిని తువ్వాలులో దాచుకునే అప్పలస్వామి చిట్టచివర లేచాడు.

“ఇందరికి గునపాలు సాలవు బాబూ.”

తాతారావు రాళ్లకేసి చూసి గొడుగు దించాడు. “కానియ్యండి.”

కొత్త రంధ్రానికి సింహాచలం వత్తి అంటించి, మలుపు వెనక్కి పరిగెత్తుకొచ్చి తవిటమ్మ పక్కన కూలబడ్డాడు. పేలలేదు. వాన పెరిగింది.

“తడిసిపోనాదేటి?” అంది తవిటమ్మ.

“ఉండు.”

ఆమె చేతిలో ఒకే గులకరాయి ఉంది. రెండో చెయ్యి ఎప్పుడో అతని మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ చూసుకోలేదు.

కొండ అదిరింది. ఆ వెంటే మరోసారి, ఇంకా పెద్దగా. రెండోదానికి వేయడానికి ఆమె దగ్గర రాయి లేదు. పొగ తేలాక చూస్తే, ఆమె గంపతో నిలబడాల్సిన చోటు లోయలోకి జారిపోయింది.

“నేను పంపేవాణ్ణే,” అన్నాడు తాతారావు, ఎవరితోనో తెలియకుండా.

మధ్యాహ్నం దొర పూట వృథా అయిందని విరుచుకుపడ్డాడు. తాతారావు తల వంచుకుని తిట్లు పడ్డాడు గానీ ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పినవాణ్ణే తవ్వమనే ఆనవాయితీ ఆ రోజుతో పోయింది. మర్నాటి నుంచి పేలుళ్లు ఆగాక మేస్త్రీ పైకి అడగడం, అందరూ రాళ్లు ఎత్తి చూపడం మొదలైంది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, లెక్క సరిపోయింది. అందరూ లేచారు. తవిటమ్మ లేవలేదు.

“లేవవేటి?” అన్నాడు సింహాచలం.

“నీ కాడ ఓ మాటుండిపోనాది. ఇందరి ముందూ సెప్పు. సాటుగా సిన్నరాళ్లేయిత్తే ఒప్పుకోను.”

వత్తి అంటించేటప్పుడు కూడా అతనికి అంత భయం వేయలేదు. అప్పలస్వామి వైపు తిరిగాడు.

“మావా, తవిటమ్మని నాకియ్యి.”

అప్పలస్వామి తువ్వాలు తీసేశాడు. ఆ చేతిని తొలిసారి నలుగురిలో చాచి, ఆ రెండు వేళ్లూ సింహాచలం తలమీద పెట్టాడు.

“ఇచ్చినాను. నీకు నోరుంది, అది సాలు.”

“యిన్నారా అందరూ?” అంది తవిటమ్మ.

ఆడవాళ్లందరూ తలా ఒక గులకరాయి పైకెత్తారు.