అడ్డురేకు

నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దుకుని చదవండి. చెయ్యి నిదానం, ఈ కాస్త కథకే రెండు నెలలు పట్టింది. ఇంజను సంగతులు మా ఆయన పని చేసుకుంటూ చెప్పినవి. మిగతాది ఊహ.

*

"తిరుగుపొగ వాల్వు పాడైంది. బండి కదలదు," అని నాడిపెట్టె నాలుగోసారి చెప్పింది.

హుస్సేనమ్మ స్టీరింగు మీద తల ఆన్చి దగ్గింది. ఇరవైమంది పిల్లల్ని బడికి చేర్చే వ్యాను అది; వాళ్ళు వీధి మూలన ఎదురుచూస్తున్నారు. ఒకే రోగం నాలుగుసార్లు చెబితే బండిని తుక్కు చేసే యార్డుకు లాక్కుపోతారు. పది గంటలకు క్రేను వస్తుంది. ఇప్పుడు ఎనిమిదిన్నర.

షెడ్లపేటలో మెకానిక్కులు లేరు, మార్పరులు ఉన్నారు. ప్రతి ఇంజనుకూ బిగించిన నాడిపెట్టె దాని చప్పుడు విని రోగం పేరు చెబుతుంది. మార్పరి ఆ సామాను మార్చేస్తాడు. ఎందుకని అడిగే అలవాటు పాతికేళ్ళ కిందటే పోయింది. పాత పని తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, హుస్సేనమ్మ తండ్రి నాగూరు.

"మూడు కొత్త వాల్వులు మార్చారు నాయనా. నువ్వొకసారి చూడు."

"నా చేతికి లైసెన్సు లేదు గదమ్మా."

"చెవిక్కూడా తీసేశారా ఏంది?"

నాగూరు నవ్వి బానెట్ ఎత్తాడు. పెట్టె బండిని కదలనివ్వకపోయినా ఇంజను తిరుగుతోంది. కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపితే లోపలి మంట చల్లబడుతుంది, విషవాయువు తక్కువ పుడుతుంది. ఆ దారికి తలుపు ఈ వాల్వు. నాగూరు వేలికి గుడ్డ చుట్టుకుని వాల్వు కాడను పైకి నొక్కాడు. పొగ లోపలికి దూరి ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగబోయింది. వేలు తీయగానే తేరుకుంది.

"దారి తెరిచే ఉంది. వాల్వు నిక్షేపంగా ఉంది."

"మరి పెట్టె?"

"ఎప్పట్నుంచి ఇట్టా?"

"పోయిన వారం పొగ గొట్టాలు కడిగించా. అప్పట్నుంచే. కడిగినోడు లోపల్నుంచి ఈ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. సామాన్ల పట్టీలో లేదంట."

అరచేతిలో పట్టే స్టీలు రేకు. రెండు బోల్టు రంధ్రాలు. వేడికి నీలంగా మాగింది. ఒక మూల చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: జైన.

నాగూరు రేకు అందుకుని పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు.

జైనబి అతని భార్య. పెళ్ళికి పేరు కొట్టించి తెచ్చుకున్న పన్నెండు పళ్ళేల్లో తొమ్మిది అతని కత్తెరకే పోయాయి. ఆ రోజుల్లో పేటంతా అంతే. పొగ దారికి రేకు అడ్డం పెడితే ఇంజను గుంజుడు బాగుంటుంది, మసి పట్టదు. "అన్నం తినే పళ్ళెం కోసి బండికి పెడుతున్నావు, రేపు డీజిలు కూడా నన్నే వడ్డించమంటావా" అని జైనబి ఎత్తిపొడిచేది.

"పెట్టె రాకముందు రవాణా ఆఫీసోళ్ళు వచ్చారు," అన్నాడు నాగూరు. "ఆరోగ్యంగా ఉన్న బళ్ళు వంద కావాలన్నారు. మేం తనిఖీ అనుకున్నాం. నున్నగా తిరిగేవి ఏరి ఇచ్చాం. వందకి వందా రేకులున్నయ్యే. వాటి చప్పుడు వినిపించి పెట్టెకు ఆరోగ్యం అంటే ఏందో నేర్పారని ఇదిగో, ఇప్పుడు అర్థమైంది."

హుస్సేనమ్మ తెరిచిన బానెట్ లోకి చూసింది.

"అంటే దారి మూసుకుపోయిన బండే దానికి మంచిది."

"అంతే. కొత్త వాల్వు వేసినా, మసి పట్టి మూసుకుపోయిందాకా ఒప్పుకోదు."

"ఊళ్ళో అందరి దగ్గూ దుమ్ము వల్లంటన్నారు డాక్టర్లు. అమ్మకీ అదే చెప్పారు."

నాగూరు రేకు వంకే చూస్తున్నాడు. దారి మూస్తే ఎక్కువయ్యే ఆ విషవాయువుకు రంగు లేదు.

"ఆఫీసుకు పోయి చెబుతా," అన్నాడు చివరికి. "లైసెన్సు లేనోడి చెవి మాట వింటారో లేదో. పెట్టె తప్పంటే, తేల్చమని మళ్ళీ పెట్టెనే అడుగుతారు."

పొడుగాటి వీధి చివర క్రేను నిదానంగా మలుపు తిరిగింది. ఇంకా పది కాలేదు.

"చెబుదువుగానిలే. ముందు అది పెట్టు నాయనా."

"హుస్సేనూ, ఆ ఇంజను నీ సీటు ముందే ఉంది."

"బండి పోతే నేను తినేదేంది? ఆ పిల్లల్ని ఎవరు తీసకపోతారు? పెట్టు."

చెయ్యి మరిచిపోలేదు. ఇంజను ఆపి, రెండు బోల్టులు విప్పి, రేకు జారవిడిచి, బిగించడానికి ఆరు నిమిషాలు పట్టింది. అక్షరాలు లోపలి వైపుకు పెట్టాడు.

"శ్వాస నిర్మలం. శుభయాత్ర," అంది నాడిపెట్టె, ఇంజను మళ్ళీ తిప్పగానే.

దగ్గరకొచ్చిన క్రేను ఆ మాట విని వెనక్కి తిరిగింది. మూలన పుస్తకాల సంచుల మీద కూర్చుని ఉన్న పిల్లలు లేచి బండెక్కారు. హుస్సేనమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని గేరు వేసింది.

చప్పుడు దూరమయ్యేదాకా నాగూరు చెవి ఒగ్గి విన్నాడు. ఇంజనులో ఎక్కడా తడబాటు లేదు. దాని వెనక ఒక పెద్ద దగ్గు, ఎన్నో చిన్న చిన్న దగ్గులు వినిపించాయి. పెట్టెకు వాటిని ఎవరూ నేర్పలేదు.

*

దూదేకుల కాశింబీ, అరవై ఆరేళ్ళు. ప్రస్తుతం మంగళగిరిలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.