రంపం ముందు రెప్ప

ఏటి నీళ్ళు వీధిలోకి వచ్చి పోయిన రెండో ఏడు అది. పొద్దున తొమ్మిదయింది. వడ్రంగి తన కొట్టులో రంపపు యంత్రం మీద బల్లకాళ్ళు కోస్తున్నాడు. కూతురు కెమెరా మెడలో వేసుకొని వచ్చింది. సైకిలు పందేల ఫొటోలు తియ్యాలని ఆ పిల్ల పంతం. ఎవరో వాడిన డీఎస్సెల్లార్ కొనుక్కుంది. దుకాణం వాడు రెండు లెన్సులిచ్చి, నచ్చింది ఉంచుకొని రెండోది సాయంత్రానికి తిరిగిచ్చెయ్యమన్నాడు.

పెద్ద లెన్సు చూసి తండ్రి నవ్వాడు. "పిల్ల కన్నా ఉయ్యాల బరువుగా ఉందే."

"కెమెరా పాతదైనా పరవాలేదు నాన్నా. పరుగెత్తేదాన్ని పట్టాలంటే లెన్సులోకి వెలుగు బాగా రావాలి. చిన్నదాంతో మసకమసకగా వస్తుంది."

"నా చెయ్యి సైకిలు కన్నా జోరు. దాన్ని పట్టు చూద్దాం."

ముందు చిన్నదాంతో తీసింది. చెయ్యి, చెక్క, రంపం అన్నీ అలుక్కుపోయాయి. తరవాత పెద్దది బిగించి, షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతుకు పెట్టి, బొత్తాం వదలకుండా నొక్కింది. టకటకా ఎనిమిది పడ్డాయి.

పిల్ల కెమెరా తెర మీద వాటిని ఒక్కొక్కటే చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసి, "అమ్మా, ఒకసారి రా," అంది.

తల్లి చేతులు తుడుచుకుంటూ ఇంట్లోంచి వచ్చి చూసి, తెరను భర్త వైపు తిప్పింది.

వడ్రంగీ వంగి చూశాడు. పొట్టు గాలిలో ఆగిపోయి ఉంది. రంపం పళ్ళు లెక్కపెట్టవచ్చు. పంటికీ బొటనవేలికీ మధ్య గింజ పట్టేంత సందు. ఆయన కళ్ళు మూసుకొని ఉన్నాయి.

"రెప్పపాటు పడి ఉంటుంది."

"రెప్పపాటైతే ఒక్కదాంట్లో పడుతుంది నాన్నా. ఇది ఆరింట్లో ఉంది."

"ఎప్పటినుంచండీ?" అంది తల్లి.

"తెలీదు."

"తెలీదా, చెప్పరా?"

"నిజంగా తెలీదే."

రంపం ముందు రెప్ప వెయ్యకు. పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ ముప్పై ఏళ్ళుగా ఆయన చెప్పే మాట అదొక్కటే.

"ఆ లెన్సు తిరిగిచ్చెయ్యి," అన్నాడు. "మనిషి లోగుట్టు బయటికి లాగే వస్తువు ఇంట్లో వద్దు."

"ఇచ్చేస్తే నీ కళ్ళు తెరుచుకుంటాయా?"

"నోరు ముయ్యి."

"నేను మూస్తాను. నువ్వు కళ్ళు మూసుకో. అమ్మ వేళ్ళు ఏరుతుంది."

తల్లి వెళ్ళి స్విచ్చి ఆపేసింది. కొట్టంతా మూగబోయింది.

పోయిన ఏడు ఇదే రంపం మీంచి ఒక చెక్కపేడు ఎగిరి ఆయన కనుబొమ్మను చీల్చింది. ఏడు కుట్లు. మానిపోయిందనే అనుకున్నాడు. ఇప్పుడు పీట మీద కూలబడ్డాడు.

"అయితే నేను భయపడుతున్నానన్నమాట," అన్నాడు. "నాకే తెలీకుండా."

కూతురు పక్కన కూర్చొని ఆయన చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్క వేలే తడుముతూ ఏడ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం చిన్న లెన్సు దుకాణానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి చేతిరంపంతో మూరెడు కర్ర కోసుకున్నాడు, ఇకమీదట చెక్కను రంపం మీదికి వేళ్ళతో కాక దాంతో తోసేందుకు. స్విచ్చి వెయ్యకముందే కూతుర్ని పిలిచాడు.

"తియ్యి. ఎనిమిదింటికి ఎనిమిదీ కళ్ళు తెరిచి ఉండేదాకా తియ్యి."