ఆర్థర్ పెల్ వీపు

హాంబర్గ్ రేవులో గాలివాన. ఏజెంట్ అఖిల్ గొడుగు విప్పుతుండగా వెనక నుంచి సైలెన్సర్ తుపాకీ రెండుసార్లు దగ్గింది. నీళ్లలో పడేలోపు అతని ఫోన్ నుంచి ఒక్క పేరు మాత్రం వెళ్లింది: ఆర్థర్ పెల్.

మర్నాడు ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్ బెంచీ మీద చీఫ్ భానుమతి టిఫిన్ డబ్బా మూత తీసింది. లోపల పులిహోర లేదు, ఫైలుంది.

"ఎవరు మేడమ్ ఈ పెల్?" అడిగాడు కమలాకర్. పైకి ఐటీ కన్సల్టెంట్. అసలు ఉద్యోగం గూఢచర్యం.

"ఇంగ్లిష్ ఫుట్‌బాలర్. 1913లో రైట్ వింగ్‌లో అతన్ని పట్టుకున్నవాడు లేడట. మరుసటేడు యుద్ధం వచ్చింది, సైన్యంలో చేరాడు. 1917లో జర్మన్లకు దొరికి, ఇక్కడి ఖైదీల క్యాంపులోనే జ్వరంతో పోయాడు. అతని వస్తువులతో కొలోన్‌లో ఎగ్జిబిషన్ నడుస్తోంది. మన ఏజెంట్ల పేర్లు పదకొండు దొంగిలించి, ఒక చిప్‌లోకి ఎక్కించి, ఆ వస్తువుల్లో దాచారు. ఇవాళ ఐదింటికి ఎగ్జిబిషన్ ముగుస్తుంది. చిప్ దేశం దాటుతుంది. ఆ పదకొండు మందికీ అఖిల్ గతే."

"ఎవరా పదకొండు మంది?"

భానుమతి చూపు పట్టాల మీదికి తిప్పుకుంది. "మూడో పేరు ప్రవీణ."

కమలాకర్ ఫైలు లాక్కుని చూశాడు. ప్రవీణ అతని భార్య. ఎయిర్‌పోర్ట్ కార్గోలో డేటా ఎంట్రీ చేస్తున్నానని ఆరేళ్లుగా చెబుతున్న మనిషి!

"ఆవిడకి నీ సంగతి తెలీదు. తెలియనివ్వకు," అంది చీఫ్. "కొలోన్‌లో ఈషా అని మన పిల్లే ఉంది, మ్యూజియం గైడు. బంతి ఎవరి దగ్గరుందని అడుగు. రిఫరీ జేబులో అంటుంది."

నాలుగున్నరకి ఈషా ఎర్ర కోటులో, చూసినవాళ్లు మళ్లీ చూసేలా, పెల్ జెర్సీ ఉన్న గాజుపెట్టె పక్కన నిలబడి ఉంది. చారల జెర్సీ, వీపున పెద్ద ఏడు అంకె. కోడ్ సరిపోయింది.

"చిప్ ఆయన ట్రంకు పెట్టెల ఉందన్నా. కింద స్టోర్‌ల. జల్దీ రా."

కమలాకర్ స్టోర్‌లో అడుగుపెట్టాడు. వెనక ఇనుప తలుపు మూసుకుంది. గోడ మీది స్పీకర్ గరగరలాడింది.

"సారీ అన్నా. ఐదింటికి ఈ రూముల మంటలార్పే గ్యాస్ ఇడుస్తా. ఊపిరాడది. నొప్పేం ఉండదట, పరేషాన్ గాకు."

"అఖిల్‌ని చంపింది నువ్వేనా?"

"మంచోడు పాపం," అంది ఈషా. స్పీకర్ ఆగిపోయింది.

టైము 4:41. ఏ తాళాన్నైనా కరిగించే పెన్ను జేబులో ఉంది. తాళం తలుపుకి అవతల ఉంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. భుజం కమిలేదాకా తలుపును గుద్దాడు. పొద్దున ప్రవీణ లంచ్ బాక్స్ ఇస్తుంటే తలెత్తి కూడా చూడలేదు. ఇక్కడ తను పోతే కబురు వినడానికి కూడా ఆవిడ మిగలదు.

ట్రంకు తెరిచాడు. చిప్ లేదు. బూట్లు, ఒక ఫొటో, క్యాంపు నుంచి తల్లికి రాసిన ఉత్తరం. "ఇక్కడ మైదానం చుట్టూ ముళ్లకంచె అమ్మా. బంతి అవతల పడితే తిరిగి రాదు. అందుకని ఎత్తుగా తన్నడం మానేశాను." ఎగిరి తన్నడానికే పుట్టినవాడు! కమలాకర్‌కు కళ్లు చెమర్చాయి.

ఫొటో 1913 నాటిది. జట్టు మైదానంలోకి పరిగెడుతుంటే వెనక నుంచి తీసింది. ఒక్క వీపు మీదా నంబర్ లేదు. ఆటగాళ్లకు నంబర్లు వేసే అలవాటే అప్పటికింకా రాలేదు. మరి పైన ఆ ఏడు? దొంగలు తెచ్చి కుట్టిందే! చిప్ దాని కిందే ఉంది.

తెలిసి ఏం లాభం? 4:55.

అప్పుడు కనబడింది, స్టీలు బీరువా వెనక గోడమీద సన్నని పచ్చ వెలుగు. పరిగెత్తే మనిషి బొమ్మ, ఎమర్జెన్సీ తలుపు గుర్తు. కమలాకర్ నెత్తి కొట్టుకున్నాడు. మెట్ల దగ్గర చెప్పుల స్టాండు పెట్టినందుకు వాళ్ల బిల్డింగ్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ మూడు ఉత్తరాలు రాశాడు: అది తప్పించుకునే దారి, అడ్డం ఏదీ పెట్టకూడదు. అలాంటి తలుపుకి ఈ దేశంలో లోపలివైపు తాళం ఉండదు. ఈషా కూడా మన పిల్లే కదా, దారి కనిపిస్తే బీరువా పెట్టేసింది.

వీపు ఆనించి తోశాడు. బీరువా మూలిగింది గానీ కదల్లేదు. ఐదయింది. పైన గొట్టాలు బుస్సుమన్నాయి. కళ్ల ముందు చుక్కలు. ఆఖరి ఊపిరితో మళ్లీ తోశాడు. జానెడు సందు. చెయ్యి దూర్చి హ్యాండిల్ నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. భవనమంతా అలారం మోగింది.

అతను తూలుకుంటూ బయటపడేసరికి ముంగిట్లో సందర్శకులు బుద్ధిగా వరసకట్టారు. గార్డు సిబ్బంది లిస్టు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. ఎవర్నీ లోపలికి పోనివ్వడం లేదు. చివరి పేరుకి జవాబు లేదు. ఈషా.

"లోపలే ఉంది! జెర్సీ గాజుపెట్టె దగ్గర!" అరిచాడు కమలాకర్.

గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా ఒక నల్లకారు కాచుకుని ఉంది. దానికి అడ్డంగా ఫైరింజన్ వచ్చి ఆగింది. ఇద్దరు ఫైర్‌మెన్ మ్యూజియంలోకి దూకి, తన్నుకుంటున్న ఈషాను "కాపాడి" ఎత్తుకొచ్చారు. కోటు లోంచి జెర్సీ జారిపడింది. కమలాకర్ ఏడు అంకె పీకాడు. చిప్ రాలింది. బూటు మడమ కింద పటపటలాడింది.

"ఎట్ల దెల్సింది?" పళ్లు నూరింది ఈషా.

"పెల్ వీపు చూశాను."

ఫోన్ మోగింది. ప్రవీణ. బతికే ఉంది. ఆ గొంతు వినగానే అతను గట్టు మీద కూలబడ్డాడు.

"గొంతేంటి అలా ఉంది? ఎక్కడున్నావ్?"

"క్లయింట్ మీటింగ్. ఏసీ ఎక్కువైంది."

"నీకు అబద్ధం ఆడటం అస్సలు రాదు కమలాకర్."

"నిజమే," అన్నాడు. "ఇంట్లో ఎవరైనా నేర్పితే నేర్చుకుంటాను."