గొంతు తీసేసిన వీడియో

మా ఆయన పెళ్ళిళ్ళు షూట్ చేస్తాడు, నేను ఎడిటింగ్ చేస్తాను. ఆ ఆదివారం మధ్యాహ్నం వాన కురుస్తోంది. ఆయన ఒక పాత హార్డ్ డిస్క్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇందులో పాప వాళ్ళమ్మ వీడియో ఒకటుందోయ్. బొమ్మ కదులుతోంది, మాట రావట్లేదు. ఎమ్‌కేవీ అన్నది తీసేసి ఎంపీఫోర్ అని ఫైల్ పేరు కూడా మార్చి చూశాను."

"సీసా మీద చీటీ మారిస్తే లోపలి మందు మారుతుందా మహానుభావా?"

నవ్వాడు. "అమ్మ గొంతు వినాలని పాప ఒకటే గొడవ. సాయంత్రంలోగా చూడు."

పాప వాళ్ళమ్మ, అంటే ఆయన మొదటి భార్య, పోయి మూడేళ్ళు. ఐదేళ్ళ పాప నన్ను 'అమ్మా' అనడం మొదలుపెట్టి సరిగ్గా తొమ్మిది రోజులు. పోయినవాళ్ళతో పోటీ పడటం ఎంత కష్టమో నన్నడగండి. వాళ్ళు కూర మాడ్చరు, విసుక్కోరు. "అది నవ్వితే ఇల్లంతా వినబడేది" అని ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

తలుపు వేసుకున్నాను.

వీడియో ఫైల్ అంటే ఒక పెట్టె. ఎమ్‌కేవీ, ఎంపీఫోర్ అన్నవి పెట్టెల రకాలు. లోపల బొమ్మ వేరే, శబ్దం వేరే మడతపెట్టి ఉంటాయి. ఆ మడతపెట్టే పద్ధతే కోడెక్. మడత విప్పడం ప్లేయరుకి రాకపోతే మాట వినబడదు, అంతే. లేదని కాదు.

వివరాలు తెరిచాను. రెండు వరుసలు: బొమ్మ ఒకటి, శబ్దం ఒకటి. కోడెక్ మార్చడం రెండు నిమిషాల పని. మార్చి, ముందు నేనే విన్నాను.

అప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్న గొంతు. "అమ్మా అను... ఏదీ, అమ్మా అను..."

శబ్దం వరుస తీసేశాను. బొమ్మ మాత్రమే ఉంచి, అసలు ఫైల్ చెరిపేశాను.

"ఏమీ అనుకోకక్కా," అని గొణిగాను. నిజానికి అనుకుంటే అనుకోనీ అనే ఉంది లోపల.

అలవాటుగా కొత్త ఫైల్ వివరాలు చూశాను.

రెండు వరుసలు.

మళ్ళీ తీశాను. మళ్ళీ చూశాను... మూడు.

గదిలో తడి జుట్టు వాసన. నేను తలంటుకోలేదు.

మూడో వరుస నిడివి పదకొండు సెకన్లు. పన్నెండు. పదమూడు... పూర్తయిన ఫైల్ అలా పెరగదు.

ప్లే నొక్కాను. వాన. ఫ్యాన్ కిర్రుమనడం. ఎవరిదో ఊపిరి... నాదే.

"ఎవరు?" అన్నాను.

నా పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. స్పీకర్లోంచి వచ్చింది, నా గొంతుతోనే... "ఎవరు?"

తలుపు తోసుకుని పాప వచ్చింది. "అమ్మా, అయిపోయిందా?"

లేదు తల్లీ, వెళ్ళిపో, అనబోయాను. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

"అయిపోయింది తల్లీ, ఇలా రా," అంది స్పీకర్.

నేను పట్టుకున్న చెయ్యి విడిపించుకుని, పాప వెళ్ళి స్పీకర్‌కి చెవి ఆనించింది. ఇప్పుడు అందులోంచి నాకేమీ వినబడటం లేదు. పాప మాత్రం శ్రద్ధగా వింటోంది. నా వైపు ఒకసారి చూసింది.

"సరే అమ్మా," అంది, స్పీకర్ వైపే తిరిగి. "నాన్నకి చెప్పనులే."